మాస్టారు ఆడిన ఒక్క అబద్ధం

మా ఇంగ్లీషు మాస్టారు పోయారు. మంగళవారం పొద్దున గుడివాడ బస్టాండులో ఉండగా ఫోనొచ్చింది. పరుగెత్తుకొచ్చినా ఆఖరిచూపు దక్కలేదు. ఆ బాధ నన్ను వదలడం లేదు.

ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకి తర్జుమా అంటే ఇప్పటికీ వణుకే. వాక్యంలో తిట్టుంటే తిట్టే రాయాలి. మెత్తబరిస్తే నోటుబుక్కు గుమ్మం బయట పడేది. "అవతలివాడి మాటలో పంచదార కలపడానికి నువ్వెవడివిరా?" అనేవారు. చాదస్తం, ఏం చెప్పమంటారు! నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చాయంటే ఆ చాదస్తం వల్లే.

మూడేళ్ల కిందట ఒక విదేశీయుడు బందరులో డచ్చివాళ్ల సమాధులు చూసుకుని, బస్సెక్కి దివిసీమలో మా ఊరొచ్చాడు. ఏ ఊరెళ్లినా అక్కడి యుద్ధ స్మారకం చూసి నోటుబుక్కులో రాసుకుంటాడట. మాకూ ఒకటుంది. సెంటర్లో అరటిపళ్ల బళ్ల వెనక, యుద్ధాల్లో పోయిన మా సైనికుల పేర్లు చెక్కిన రాతిస్తంభం. మాస్టారు తీసుకెళ్లారు. వెంట నేనూ వెళ్లాను.

అక్కడ ఒక పెద్దావిడ తడిగుడ్డతో రాయి తుడుస్తోంది. చివరి పేరు ఆవిడ కొడుకుది. స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ తాళ్లూ, చుట్టూ ఆపిన మోటారుసైకిళ్లూ చూసి ఆ విదేశీయుడు ఇంగ్లీషులో అన్నాడు, ఈ ఊరు తన బిడ్డల్ని మర్చిపోయిందని.

"ఏవంటన్నాడు బాబూ?" అంది పెద్దావిడ.

మాస్టారు రాతి మీది చివరి పేరు వైపు చూశారు. ఉన్నమాట చెప్తే ఆవిడ ఏమైపోతుందో!

"ఊరంతా బాగా చూసుకుంటోందని మెచ్చుకుంటున్నాడమ్మా," అన్నారు చివరికి.

ఆవిడ తుడవడం ఆపి సూటిగా చూసింది. "ఊరెక్కడ చూస్తందండీ? వచ్చేది నేనొక్కదాన్నేగా. ఆయన అట్టా అనుండడు. నిజం చెప్పండి."

మాస్టారు తల దించుకుని ఉన్నదున్నట్టు చెప్పారు. ఆవిడ ఏడవలేదు. "నయం, ఒక్కడికన్నా కనపడింది," అని మళ్లీ తుడవసాగింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం మాస్టారు అక్కడే. పై వరసలు ఆయన, కింది వరసలు ఆవిడ. ఎందుకండీ ఈ వయసులో అంటే, "అబద్ధం ఎలాగూ ఆడేశాను. దాన్ని నిజం చెయ్యాలి కదరా," అన్నారు.

ఈ ఆదివారం నేను వెళ్లాను. ఆవిడుండేది ఏటి అవతల లంకలో, కబురు అందలేదు. కింది వరసలు ముగించి, పైకి చెయ్యి అందక మెట్టు మీద కూర్చునుంది.

"మాస్టారు రాలేదేం బాబూ?"

ఒంట్లో బాలేదని చెప్పబోయాను. మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది.

"పోయారమ్మా," అన్నాను.

ఆవిడ మెట్టు మీంచి లేచింది. గుడ్డ బకెట్లో ముంచి, గట్టిగా పిండి, నా చేతిలో పెట్టింది. పై వరసల్లోని పేర్ల మీద వారం రోజుల దుమ్ముంది.