ఆ తర్వాత వచ్చినావిడ

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైల్లో కూర్చుని ఫోన్‌లో ఒక ఐర్లాండ్ కవిత చదువుతున్నాను. పక్కన ఒక పెద్దావిడ. నిద్రపోతున్న ఆమె భర్త తల ఆమె భుజం మీద ఉంది.

"ఏంటమ్మా, కళ్ళు తుడుచుకుంటున్నావు?" అని మెల్లగా అడిగింది.

"ప్రేమించినమ్మాయి దక్కక ఒకాయన రాసుకున్న కవితండి. చచ్చేదాకా ఆమెనే తలుచుకున్నాడంట."

ఆవిడ కిటికీలోంచి వరిచేల వైపు చూసింది.

"ఇంకెవరినో పెళ్ళి చేసుకునే ఉంటాడులే. ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారా? ఆ తర్వాత వచ్చినావిడ గురించి ఏమన్నా రాశాడా?"

కవితంతా మళ్ళీ వెతికాను.

"లేదండి."

"అంతేలేమ్మా" అంది, భుజం మీది భర్త తల వైపు చూసి.

భట్టిప్రోలు వస్తుంటే భర్తను లేపింది. వంగి, ఆయన చెప్పులు కాళ్ళ దగ్గరికి జరిపింది. చెయ్యి పట్టుకుని దించింది.

ఆ కవిత ఇప్పుడు చివరిదాకా చదవలేను. మధ్యలోనే ఆ చెప్పులు కనిపిస్తాయి.