షమీమక్క కెమెరా ఆన్ చేసిన రోజు

నిన్న ఉదయం ఆన్‌లైన్ క్లాస్ మధ్యలో ఉన్నాను. స్క్రీన్ మూలన మెసేజ్ కనబడింది. షమీమక్క తమ్ముడు పెట్టాడు.

"అక్క పోయింది సుధక్కా. పొద్దున నమాజు చేసుకొని లేస్తా లేస్తా కూలబడిపోయింది."

చదివాను. మళ్ళీ చదివాను.

ఎదురుగా పిల్లలు. కెమెరా ఆన్‌లో ఉంది. చెబుతున్న సంధి సూత్రం పూర్తి చేశాను. పిల్లలు "థాంక్యూ మేడం" అంటే నవ్వాను కూడా.

ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. తలుచుకుంటే తలెత్తలేకపోతున్నాను.

అక్క గురించి తెలియనివాళ్ళకు చెబుతాను. చిత్తూరులో ఒక ప్రైవేట్ స్కూల్లో తను లెక్కల టీచర్, నేను తెలుగు. మధ్యాహ్నం ఒకరి క్యారియర్‌లో ఒకరం తినేవాళ్ళం. స్కూల్ మానేశాక ఇద్దరం కలిసి టెన్త్ పిల్లలకి ఆన్‌లైన్ ట్యూషన్ మొదలుపెట్టాం. తను పలమనేరులో వాళ్ళమ్మ దగ్గర నుంచి, నేను చంద్రగిరిలో మా ఇంటి నుంచి.

మొదట్లో నా క్లాస్ చూసుంటే మీరూ నవ్వేవాళ్ళు. లాప్‌టాప్ మంచం మీద, కిటికీ నా వెనక. పిల్లలకు కనబడేది ఒక నల్లటి ఆకారం, దాని నెత్తిన తిరిగే ఫ్యాను. ఒకరోజు ఒక పిల్ల మైక్ ఆన్ చేసి, "మేడం, మీ వెనకాల లుంగీ ఆరేసిండారు" అంది. క్లాసంతా పకపకా.

మా ఇరుకిల్లు అందరి కళ్ళబడిందని సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాటి నుంచి వీడియో ఆపేసి ఉత్త గొంతుతో పాఠం చెప్పాను.

సంగతి తెలిసి, ఆదివారం షమీమక్క బస్సెక్కి వచ్చేసింది. బుర్ఖా విప్పి కుర్చీ మీద వేసి, నేరుగా టేబుల్ దగ్గరికి పోయింది.

"ఆ పక్క పట్టమ్మా. వెలుతురు నీ ముఖాన పడాల, వీపున కాదు."

టేబుల్ కిటికీకి ఎదురు తిరిగింది. లాప్‌టాప్ బియ్యం డబ్బా ఎక్కి నా కళ్ళ ఎత్తుకు వచ్చింది. గొంతు గింగురుమంటోందని ఖాళీ గోడకు దుప్పటి కట్టింది. ఆఖర్న అద్దం మీదున్న నా స్టిక్కర్ బొట్టు పీకి కెమెరా పక్కన అంటించింది.

"ఈడ సూసి మాట్లాడు. స్క్రీన్‌లో నీ ముఖం నువ్వు సూసుకుంటా కూసోవద్దు. అప్పుడే పిల్లోళ్ళ కండ్లలోకి సూసినట్టుంటాది."

"వంటిల్లు కనబడతాదేమో అక్కా."

"కనబడనీ. వంటిల్లు లేని ఇల్లు యాడుండాది?"

అలాంటి మనిషికి పోయిన ఏడాది ఒక ఉదయం నిద్ర లేచేసరికి ముఖం ఒక పక్కకు జారిపోయింది. ఎడమ కన్ను సరిగా మూసుకోదు. మూతి వంకర. డాక్టర్లు, మందులు, ఫిజియోథెరపీ. కొంచెం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

నేను పలమనేరు వెళ్తే చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకునే మాట్లాడింది.

"పిల్లోళ్ళు నవ్వుతారు సుధా. నా ముఖం పడకుండా ఏమన్నా చెయ్యి."

మేమిద్దరం ఫోన్‌ని ఒక స్టూలుకు బోర్లా కట్టాం. కింద తెల్ల కాగితం, పక్కన టేబుల్ లైట్. పిల్లలకు ఇక అక్క చెయ్యి, పెన్ను, గొంతు మాత్రమే. పాఠం బాగానే నడిచింది. కానీ క్లాస్ అయ్యాక పిల్లలతో కబుర్లు చెప్పే అక్క, వెంటనే కట్ చేసేసేది.

మా క్లాస్‌లో ఒకమ్మాయి ఉంది. పేరు చెప్పను. చేరినప్పటి నుంచీ కెమెరా ఆన్ చేయలేదు. ప్రశ్న అడిగినా పలకదు. చివరికి వాళ్ళమ్మ అక్కకు ఫోన్ చేసి, పాపని మాన్పిస్తామంది. చిన్నప్పుడు వేడి గంజి పడి పిల్ల చెంప కాలిందట. కెమెరా ఆన్ చేయమంటారేమోనని రోజూ భయంతో ఏడుస్తోందట.

ఆ మర్నాడు అక్క క్లాస్‌లో నేనూ ఉన్నాను. ఉన్నట్టుండి స్క్రీన్ మీద కాగితం పోయి అక్క ముఖం వచ్చింది. చున్నీ లేదు. అడ్డం ఏమీ లేదు.

"సూడండి పిల్లలూ, మీ మేడం మూతి వంకర పోయిండాది. లెక్క మాత్రం వంకర పోలేదు. రాసుకోండి."

ఎవరూ నవ్వలేదు.

లుంగీ కనబడిందని దాక్కున్న నేను ఆమెను చూడలేక తల దించుకున్నాను.

ఆ అమ్మాయి ఆరోజు కెమెరా ఆన్ చేయలేదు. కానీ మానలేదు. కొన్నాళ్ళకు ఒక నుదురు కనబడింది. ఇంకొన్నాళ్ళకు కళ్ళు. తర్వాత ఒకరోజు పూర్తి ముఖంతో, "మేడం, మూడో లెక్క నాకు రాలే" అంది.

అక్క ఏమీ ఎరగనట్టు ఆ లెక్క మళ్ళీ చెప్పింది. క్లాస్ అయ్యాక నాకు ఫోన్ చేసి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇంత చూసినదాన్ని. అయినా ఈ ఉదయం ఈ పోస్ట్ కోసం ఫోటో వెతుకుతూ నేను చేసిన పని ఏమిటో తెలుసా? అక్క ముఖం తిన్నగా ఉన్న పాత ఫోటోలే ఏరుతూ కూర్చున్నాను. "బాగున్న" ఫోటో పెట్టాలని.

నా చెయ్యి చూసి నాకే అసహ్యం వేసింది.

పలమనేరుకు ఫోన్ చేసి అక్క వాళ్ళమ్మను అడిగాను. క్లాస్‌లో తీసిన స్క్రీన్‌షాట్ ఒకటుంది, అక్క నవ్వుతా ఉంది, పెట్టొచ్చునా అని.

ఆమె అంది:

"అదే పెట్టమ్మా. నా బిడ్డ అట్లే ఉన్నింది. ఆ ముఖంతోనే అందరి ముందుకొచ్చింది. మనమేల దాచాల?"

అదే పెట్టాను. చూడండి.

పోయి రా అక్కా. ఆ పైవాడు నిన్ను సల్లంగా చూసుకోవాలి, నీకు ఏ నొప్పీ లేని నిద్ర ఇవ్వాలి.