కటింగు బల్ల మీద కీబోర్డు

కాలేజీలో మొదటి రోజు నేను క్లాసులోకి అడుగు పెట్టగానే పిల్లలందరూ లేచి నిలబడ్డారు. "గుడ్ మార్నింగ్ మేడమ్" అని కూడా అన్నారు. ముప్పై ఏడేళ్ల మనిషి, గంజి పెట్టిన చీర, కళ్లజోడు, భుజానికి సంచి. వాళ్ల తప్పేమీ లేదు. ఏం చెయ్యాలో తోచక కూర్చోమని చేత్తో సైగ చేసి, నేను వెళ్లి మూడో బెంచీలో ఖాళీగా ఉన్న చోట కూర్చున్నాను. పక్కనున్న అమ్మాయి మాత్రం ఇంకా నిలబడే ఉంది.

"కూర్చో అమ్మా. నేనూ ఫస్టియరే," అన్నాను.

ఆ పిల్ల నన్ను పైకీ కిందకీ చూసి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. మా స్నేహం అలా మొదలైంది.

నేను ఇంటర్ పాసైన ఏడాదే పెళ్లయింది. చీడికాడ నుంచి అనకాపల్లి వచ్చి కాపురం పెట్టాం. మా ఆయన బెల్లం మార్కెట్టులో కాటా దగ్గర పని చేస్తారు. నేను ఇంట్లోనే ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. ఒకసారి ఆడపిల్లలకు కుట్టు నేర్పే ట్రైనింగు సెంటర్లో టీచరు కావాలంటే వెళ్లాను. నా చేత ఒక జాకెట్టు కట్ చేయించి చూసిన ఆవిడ, "పని చాలా బాగుందమ్మా, కాకపోతే డిగ్రీ అడుగుతున్నారు," అన్నారు. ఆ మాట ఇంటికొచ్చాక కూడా చెవిలో తిరుగుతూనే ఉంది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. అది స్కూలుకి వెళ్లే వేళకే నేనూ కాలేజీకి వెళ్తే ఏం పోయింది అనిపించింది. మా ఆయనకు చెప్తే రెండు రోజులు ఆలోచించుకున్నారు. మూడో రోజు, "మద్దేనం మిషను నడుత్తాది కదా, అయితే ఎల్లు," అన్నారు.

తెలుగు, చరిత్ర లాంటి పాఠాలకు నేను భయపడలేదు. భయమంతా కంప్యూటర్ పేపరుకే. మొదటి సెమిస్టర్లో అది అందరికీ తప్పనిసరి. మిషను రిపేరు నేనే చేసుకుంటాను గానీ కంప్యూటరును మాత్రం అప్పటి దాకా బ్యాంకులో, అదీ అద్దం అవతల నుంచే చూశాను.

ల్యాబు మేడ మీద ఉండేది. చెప్పులు బయట విడిచి వెళ్లాలి. ఉన్న కంప్యూటర్లలో పని చేసేవి పదకొండే కాబట్టి ఒక్కో దాని దగ్గర ఇద్దరిద్దరం కూర్చోవాలి. నాకు జోడీగా ఆ మొదటి రోజు పిల్లే కూర్చుంది. వాళ్లది పాయకరావుపేట అవతల సముద్రం ఒడ్డున చిన్న ఊరు. తండ్రి, అన్న వేటకు వెళ్తారు. తల్లి చేపలు అమ్ముతుంది. ఈ పిల్ల ఇక్కడ హాస్టల్లో ఉంటోంది. ఎక్కువ మాట్లాడేది కాదు. ఫోను మాత్రం రెండు బొటనవేళ్లతో ఎంత వేగంగా నడిపేదంటే, నా మిషను కూడా అంత వేగంగా నడవదు.

పాఠం చెప్పే సారు కుర్రవాడు. దేవరాపల్లి దగ్గర చెరుకు రైతుల బిడ్డ. మామూలుగా పుస్తకాల భాషే మాట్లాడేవాడు గానీ విసుగొస్తే ఊరి మాట బయటపడేది.

"స్క్రీన్ మీద పసుపు రంగు ఫోల్డర్ ఉంది కదా, అది తెరవండి," అన్నాడు.

నా జోడీ పిల్ల వెంటనే వేలితో ఆ ఫోల్డర్ మీద ఒత్తింది. ఏమీ కాలేదు. మళ్లీ ఒత్తింది. నేను నా వేలు చీర కొంగుకు తుడుచుకుని ఒత్తాను. అప్పుడూ ఏమీ కాలేదు.

"ఇది పని సెయ్యట్లేదు సార్," అందా పిల్ల.

సారు వచ్చి చూసి, "అది ఫోను కాదమ్మా. మౌస్ పట్టుకోవాల," అన్నాడు. వెనక వరసలో నవ్వులు వినిపించాయి. కానీ వెనక్కి తిరిగి చూస్తే అక్కడా ఇద్దరు ముగ్గురు గబగబా స్క్రీన్ మీంచి వేళ్లు తీసేస్తున్నారు.

సారు మౌస్ నాకిచ్చాడు. బాణం గుర్తు కుడివైపు వెళ్లాలి. నేను మౌస్ జరుపుకుంటూ వెళ్లాను. బల్ల అంచు వచ్చేసింది.

"సార్, బల్ల అయిపోయింది. బాణం ఇంకా అక్కడికి చేరలేదు."

సారు తల పట్టుకున్నాడు గానీ నవ్వలేదు. "ఎత్తి మళ్లీ మధ్యలో పెట్టుకోండి మేడమ్," అన్నాడు. నన్ను మేడమ్ అని పిలవడం ఆయనా మానలేదు, నేనూ వద్దనలేదు.

ఇంకో తంటా నాకే ప్రత్యేకం. ఇరవై ఏళ్లుగా నా చేతులు బల్ల మీద పని చేస్తే కాలు కింద మోటారు పెడల్ నొక్కుతూ ఉంటుంది. మౌస్ రెండుసార్లు నొక్కమంటే నా కుడికాలు కూడా రెండుసార్లు నొక్కేది.

"కాలెందుకు నొక్కుతున్నారు పిన్నీ?" అని అడిగింది ఆ పిల్ల. నన్ను పిన్నీ అనడం అదే మొదలు.

"నొక్కకపోతే చెయ్యి కదలదే," అన్నాను. ఆ రోజు ల్యాబు అయిపోయే దాకా తను నవ్వుతూనే ఉంది.

మాకు వారానికి రెండే గంటలు ల్యాబు. అందులో సగం జోడీకి పోతుంది. అక్షరాలు వెతుక్కోవడానికే నా గంట చాలేది కాదు. ఎ తర్వాత బి, బి తర్వాత సి వరసగా ఉంటే కదా దొరకడానికి. అవెవరో విసిరేసినట్టు ఉంటాయి. అందుకని కీబోర్డును పుస్తకంలో గీసుకుని ఇంటికి తెచ్చాను. నా కటింగు బల్ల మీద మార్కింగ్ సుద్దతో పెద్దగా గళ్లు గీసి, గడికో అక్షరం రాశాను. మధ్యాహ్నం కుట్టు మధ్యలో లేచి, ఆ గళ్ల మీద వేళ్లు ఆడించేదాన్ని. మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చి మాట చెప్తే, నేను చూడకుండా ఆ అక్షరాలు తాకాలి. తప్పితే అది చేతి మీద స్కేలుతో చిన్నగా వేసేది. దానికి అంత ఆనందం ఇంకెందులోనూ ఉండేది కాదు.

మా ఆయన అన్నానికి వచ్చి చూసి, "ఏటది, బల్లంతా గీసేసేవు?" అన్నారు.

"కంప్యూటరండీ."

"కరెంటు అక్కర్లేదా దీనికి?" అని అడిగి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

ఒక రోజు వీధి చివరింటి పెద్దావిడ మెరూన్ రంగు జాకెట్టు గుడ్డ ఇచ్చి వెళ్లింది. బల్ల తుడవాలన్న సంగతి మరిచి, గుడ్డ పరిచి, మడతలు పోవడానికి అరచేతులతో గట్టిగా ఒత్తి, కట్ చేసి పక్కన పెట్టాను. సాయంత్రం ఆవిడే వచ్చి, వీపు ముక్క తీసి వెలుతురులో పట్టుకుంది.

"ఇదేటమ్మా, నా జాకెట్టు మీద అచ్చరాలున్నాయి?"

నిజమే. వీపు నిండా ఇంగ్లీషు అక్షరాలు, అదీ తిరగబడి. జరిగింది చెప్పి, తడిగుడ్డ తెచ్చి తుడవబోయాను. ఆవిడ ముక్క వెనక్కి లాక్కుని మరోసారి చూసుకుంది.

"ఉండనీయే. సదువుకున్న జాకెట్టు అంటారు," అంది. అంత తొందరగా వదులుతుందని నేను అనుకోలేదు. సుద్ద పోయేదాకా తుడిచే కుట్టాను గానీ, ఆవిడ మాత్రం నెల రోజులు ఆ సంగతి వీధి వీధంతా చెప్పుకుంది.

దసరా సెలవులు అయ్యాక సారు మొదటి అసైన్‌మెంట్ ఇచ్చాడు. ఇంట్లో ఎవరికైనా తెలుగులో ఒక పేజీ ఉత్తరం టైపు చేసి ప్రింటు తీయాలి. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు అక్షరాలు వచ్చే ఏర్పాటు మా ల్యాబులో ఉంది. ఎ ఎమ్ ఎమ్ ఎ కొట్టి స్పేస్ నొక్కితే అమ్మ అని వచ్చేసరికి మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ముందు తను కొట్టింది. వాళ్ల అమ్మకు ఉత్తరం. ఫోను మీద అంత వేగంగా ఆడే వేళ్లు ఇక్కడ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పోయాయి. నేను పక్కన కూర్చుని తప్పులు చెప్తున్నాను. గంట పైన పట్టింది. నేను బాగున్నాను, అన్నం బాగుంది, చదువు బాగుంది అని పద్దెనిమిది లైన్లు వచ్చాయి. చివరి లైను చూసి నాకు ఉత్సాహం ఆగలేదు. "ఇక్కడ చుక్క పెట్టు," అని నేనే ముందుకు వంగాను. నాతో పాటు నా కాలూ కదిలింది. బల్ల కింద వైర్ల బోర్డు ఉంది. స్విచ్చి టక్కుమంది. స్క్రీన్ నల్లబడింది.

సారు వచ్చాడు. "సేవ్ సేసేరా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"సెయ్యకపోతే నానేటి సెయ్యగలను?" అన్నాడు మెల్లగా. కోపంగా కాదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది.

ఆ పిల్ల ఏడవలేదు. సంచి తీసుకుని, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. మర్నాడు క్లాసులో నా బెంచీకి రాలేదు. కిటికీ పక్కన కూర్చుంది. ఇరవై ఏళ్లలో ఎంతోమంది గుడ్డ తప్పు కట్ చేసి ఉంటాను. గుడ్డకి గుడ్డ కొనివ్వొచ్చు. ఒకరు కూర్చుని రాసుకున్న ఉత్తరానికి ఏం కొనివ్వగలను? మధ్యాహ్నం గేటు దగ్గర పట్టుకున్నాను.

"నా వల్లే పోయింది. ఈసారి నువ్వు చెప్పు, నేను కొడతాను. సారుని ల్యాబు తెరవమని అడిగాను."

"వద్దులే పిన్నీ. మళ్లీ అదంతా ఎవరు గుర్తు తెచ్చుకుంటారు?"

"గుర్తు ఉన్నంత వరకే చెప్పు."

కాసేపు రోడ్డు వైపు చూసి, వచ్చింది. ఈసారి నేను కాళ్లు రెండూ కుర్చీ మీదకి మడిచి పెట్టి కూర్చున్నాను. అది చూశాక కొంచెం నవ్వింది. తను చెప్తోంది, నేను కొడుతున్నాను.

నేను బాగున్నాను అని రెండు లైన్లు చెప్పి ఆగింది. స్క్రీన్ వంక చూస్తూ, "బాగోలేదు అని కొట్టు పిన్నీ," అంది.

కొట్టాను.

ఆ తర్వాత ఆగకుండా చెప్పింది. హాస్టల్లో పడుకుంటే సముద్రం చప్పుడు వినపడక నిద్ర రావడం లేదని, ఇంగ్లీషు పాఠం ఒక్క ముక్క అర్థం కావడం లేదని, రెండుసార్లు సంచి సర్దుకుని బస్టాండు దాకా వెళ్లి తిరిగొచ్చిందని. ఇవేవీ నాకూ తెలియవు. రోజూ నా పక్కనే కూర్చుని నా మౌస్ చూసి నవ్వే పిల్ల. తను చెప్పినవి అన్నీ కొట్టాను. నా వేళ్లు అక్షరాలు వెతుక్కోవడం లేదని సగం పేజీ అయ్యాక గాని నాకే తెలియలేదు. పేజీ దాటి రెండో పేజీలోకి వెళ్లింది. మధ్యలో నాలుగుసార్లు సేవ్ నొక్కాను.

"పైన రెండు లైన్లు ఉంచి, మిగతాది తీసేసి ప్రింటు తియ్యనా?" అని అడిగాను.

రెండు పేజీలూ మొదటి నుంచి చదువుకుని, "మొత్తం తియ్యి," అంది.

ఒక కాపీ సారుకి ఇచ్చింది. రెండో కాపీ శనివారం ఇంటికి పట్టుకెళ్లింది.

సోమవారం పొద్దున్న కాలేజీ గేటు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. నల్లగా, గట్టిగా, నెత్తి మీద ఇంకా చుట్టకుదురు, దాని మీద చేపల గంప ఉన్నట్టు నిటారుగా ఉంది. పక్కన ఆ పిల్ల, నేల చూస్తూ.

"ఆ టైపు కొట్టినావిడివి నువ్వేనామ్మా?"

అవునన్నాను.

"మా పెద్దోడు సదివి ఇనిపించేడు. రెండుసార్లు సదివించుకున్నాను. దీనికి సిన్నప్పట్నించీ నోట్లోంచి మాట రాదు. అడిగితే బాగున్నాను అంటాది. కాయితం మీద ఇన్ని మాటలు సెప్పిందంటే నాను నమ్మలేదు." చేతిలో ఉన్న స్టీలు క్యారేజీ నా చేతిలో పెట్టింది. "వంజరం ముక్కలు. నూనెలో ఏపేను. ఇద్దరూ తినండి."

"దాన్ని ఇంటికి తీసుకెళ్లిపోతారా?" అని అడిగేశాను.

"నానెందుకు తీసుకెళ్తాను? అదే రానంది, ఇక్కడే ఉండి సదువుతానంది. రాత్రంతా మాట్లాడుకున్నాం. వారం వారం వచ్చి నన్ను సూసి ఎల్తాదంట. ఆ ఇంగ్లీసు సంగతేటో నువ్వు సూడమ్మా."

నాకే రాదని చెప్పే లోపల బస్సొచ్చింది. ఆవిడ కూతురి తల మీద ఒకసారి చెయ్యి వేసి, పరుగున ఎక్కేసింది. మేం మధ్యాహ్నం ల్యాబు మెట్ల మీద కూర్చుని ఆ చేప ముక్కలు తిన్నాం. సారుకి కూడా రెండు పెట్టాం. ముళ్లు తీయడం ఆయనకు సరిగ్గా రాదు. ఆ పిల్లే తీసి పెట్టింది.

డిసెంబరులో ప్రాక్టికల్ పరీక్ష జరిగింది. నాకు మార్కుల పట్టిక తయారు చెయ్యమని వచ్చింది. గళ్లు గీయడం, అంచులు సరి చూడడం నా రోజువారీ పనే కాబట్టి తడుముకోలేదు. తనకు సెలవు చీటీ టైపు చెయ్యమని వచ్చింది. నాకన్నా ముందే ముగించి, కిటికీ అవతల నుంచి నాకేదో సైగ చేసింది. బాగా రాశాననో, ఆకలేస్తోందనో, నాకు అర్థం కాలేదు.

రిజల్ట్స్ వచ్చిన రోజు తను మా ఇంటికే వచ్చింది. ఫోనులో నా హాల్‌టికెట్ నంబరు తనే కొట్టి చూసింది. ఇద్దరం పాసయ్యాం. తనకు నాకన్నా మూడు మార్కులు ఎక్కువ.

"మూడు పిన్నీ," అంది, వేళ్లు చూపించి మరీ.

మా ఆయన విని, "అయితే ఇంక సదువు అయిపోయినట్టేనా?" అన్నారు.

"ఇంకా ఐదు సెమిస్టర్లు ఉన్నాయండీ."

ఆయన ఆ పిల్ల వైపు తిరిగి, "మీ పిన్నిని నువ్వే ఆ ఐదూ దాటించాలమ్మా," అన్నారు. సరేనంది. మా అమ్మాయి అప్పటికే దాని ఫోను లాక్కుని ఏదో చూపించమంటోంది. నేను లేచి ముగ్గురికీ టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్లాను.