ఇత్తడి గిన్నెకు కళాయి

ఆ రోజుల్లో నా దగ్గర ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది. అందులో బొమ్మకొక పేజీ. ఎత్తు ఎంత, ఏ తీగ వాడాను, పుట్టీ ఎంతసేపట్లో గట్టిపడింది, ఏ అచ్చు ఎన్నో పోతకు చిరిగింది, అన్నీ రాసేవాణ్ణి. ఇత్తడి గిన్నె సంగతి మాత్రం అందులో లేదు. తర్వాత రెండుసార్లు మొదటి పేజీ నుంచి వెతికాను.

విమానాశ్రయం మొదలైన మూడో ఏడు అది. డిప్లొమా ముగించి, అక్కడ సామాను బండ్లు బాగుచేసే వర్క్‌షాపులో షిఫ్టు డ్యూటీ చేస్తున్నాను. శంషాబాద్ ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే. నాన్న నేను పదో తరగతిలో ఉండగా పోయాడు. ఆదివారాలు బుద్వేల్‌లో ఒక మిత్రుడి ఇంట్లో నలుగురం చేరి బల్ల మీద యుద్ధాలు ఆడేవాళ్లం. పాత యుద్ధాన్ని ఒకదాన్ని తీసుకుని, ఆ నేలను అట్టముక్కలతో, ఇసుకతో బల్ల మీద కట్టి, బొటనవేలి ముక్కంత సైనికుల్ని బారులు తీర్చి, టేపుతో దూరం కొలిచి, పాచికలు వేసి ఆడే ఆట. ఆ ఏడాది గోల్కొండ ముట్టడి ఆడాలనుకున్నాం. బయటి దేశాల నుంచి తెప్పించుకునే బొమ్మల్లో యూరప్ సిపాయిలు ఉండేవారు గానీ గోల్కొండవాళ్లు ఉండేవారు కాదు. వాళ్లను నేను చేస్తానని ఒప్పుకున్నాను.

దొరికిన బొమ్మనే మార్చాలి. టోపీ కోసేసి పుట్టీతో పాగా చుట్టాలి. కోటు అంచులు దింపి అంగరఖా చెయ్యాలి. అన్నిటికంటే కష్టం చెయ్యి. తుపాకి పట్టిన చేతిని మణికట్టు దగ్గర కోసి, సూదిమొనంత రంధ్రం వేసి, తీగ దూర్చి, కొత్త కోణంలో నిలబెట్టి, కత్తి పట్టించాలి. కోణం పది డిగ్రీలు తప్పితే సైనికుడు కత్తి దూస్తున్నట్టు ఉండడు, ఎవరికో అందిస్తున్నట్టు ఉంటాడు. అందుకని బస్సులో, క్యాంటీన్‌లో, ఎక్కడ కూర్చున్నా మనుషుల మణికట్లే చూసేవాణ్ణి.

ఒక బొమ్మ కుదిరాక దానికి రబ్బరు అచ్చు తీసి, లోహం పోసి, అలాంటివే ఇరవై తీయాలి. హిమాయత్ సాగర్‌లో చేపలు పట్టేవాళ్ల దగ్గర చిరిగిన వలల సీసపు గుండ్లు తెచ్చుకునేవాణ్ణి. వట్టి సీసం బొమ్మ వేళ్లదాకా పారదు కాబట్టి తగరం ఉండే టంకం కడ్డీలు కలిపేవాణ్ణి. పని అంతా మేడ మీదే. గాలికి వీపు పెట్టి కూర్చునేవాణ్ణి. ముక్కుకు మాస్కు, చేతులకు తోలు గ్లోవ్స్. విమానం దిగేటప్పుడు పక్కింటి రేకులు అదిరేవి, అది దాటేదాకా ఆగి పోసేవాణ్ణి. కిందికి దిగేముందు చొక్కా మార్చుకుని, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కునేవాణ్ణి. సీసం విషమని నాకు తెలుసు. చదువుకున్నవాణ్ణి.

మొట్టమొదటి పోత నాటికి ఇంకా ఇనుప గరిటె కొనలేదు. అటక మీద అమ్మ తోమి బోర్లించిన ఇత్తడి గిన్నె ఒకటి ఉంది. ఏళ్లుగా వాడటం లేదు కదా అని అడక్కుండానే తీసుకెళ్లి అందులో సీసం, టంకం కరిగించాను. మురికి తేలడానికి కాస్త నవాసారం చల్లాను. తెల్లటి పొగ లేచింది. చూస్తుండగానే లోహం గిన్నె లోపలంతా పాకి అంటుకుంది. వంచితే సగం పడింది, సగం గిన్నెకే ఉండిపోయింది. ఇది పనికిరాదని నీళ్ల ట్యాంకు పక్కన పెట్టేసి, మర్నాడు గరిటె కొన్నాను. గిన్నెను మరిచిపోయాను.

వేడి ఇత్తడి మీద నవాసారం చల్లి తగరం పాకించడాన్నే కళాయి పెట్టడం అంటారు. నా చిన్నప్పుడు మా గల్లీకి ఒకాయన తిత్తి భుజాన వేసుకుని వచ్చి పెట్టేవాడు. కళాయి లేని ఇత్తడిలో పులుపు ఉంచితే చిలుమెక్కుతుంది. ఇళ్లలోకి స్టీలు వచ్చాక ఆయన రావడం మానేశాడు, గిన్నె అటకెక్కింది. అది అమ్మకు అమ్మమ్మ ఇచ్చిన గిన్నె. దాంట్లో కలిపిన పచ్చిపులుసు రుచే వేరని అమ్మ ఎప్పుడూ అనేది. చింతపండు రసంలో ఉల్లిగడ్డ, కాల్చిన మిరపకాయ పిసికి, పొయ్యి మీద పెట్టకుండానే చేసే పులుసు అది. నాకు పడదు, తింటే ఛాతీలో మంట. అమ్మకు అది లేకపోతే ముద్ద దిగదు.

ఒక పొద్దున షిఫ్టుకు బయల్దేరుతూ బూట్లు వేసుకుంటున్నాను. అమ్మ వంటింట్లోంచి అంది.

“ట్యాంకు కాడ గిన్నె జూసిన బిడ్డా. కళాయి మంచిగ వెట్టిచ్చినవ్. ఎక్కడ దొరికిండు గాయన?”

నా తలనిండా ఒక విలుకాడి కుడిచెయ్యి ఉంది. “ఊ” అన్నాను.

“ఎక్కడ అంటే ఊ అంటవేంది? బొమ్మల చేతులు కోసి కోసి నీ నోరు గూడ కోసుకున్నవా ఏంది?”

నవ్వింది. నేనూ నవ్వి వెళ్లిపోయాను.

మూడు నెలలకు అమ్మకు కడుపునొప్పి మొదలైంది. గల్లీ డాక్టరు గ్యాస్ అని గోళీలు రాశాడు. తగ్గలేదు. వారానికి రెండుసార్లు కూడా విరేచనం అయ్యేది కాదు. ముఖం పాలిపోయింది. కూరలు వాసన పడటం లేదని మానేసింది. నోటికి పచ్చిపులుసు ఒక్కటే సహిస్తోందని అన్నంలో అదే పోసుకునేది. నేను సరేనన్నాను. ఏదో ఒకటి తింటోంది కదా అనుకున్నాను.

ఒక సాయంత్రం అమ్మ జొన్నరొట్టె చేస్తోంది. తట్టే చప్పుడు ఆగి ఆగి వస్తోంది. వెళ్లి చూశాను. మోచెయ్యి లేస్తోంది, ముంజెయ్యి లేస్తోంది, కుడి అరచెయ్యి మాత్రం మణికట్టు దగ్గర విరిగినట్టు కిందికి వేలాడుతోంది. పిండి మీద దాన్ని పడేస్తోంది, ఎడమచేత్తో ఎత్తుతోంది, మళ్లీ పడేస్తోంది.

“ఎన్ని దినాలైందమ్మా?”

“ఏంది?”

“చెయ్యి.”

“పదిహేను దినాలైతుండొచ్చు. తిమ్మిరి అంతే. రొట్టె గుండ్రంగ వస్తలేదని నవ్వకు.”

ఊళ్లో అందరి మణికట్లూ చూసేవాణ్ణి, పదిహేను రోజులుగా ఆ చేత్తో పెట్టిన అన్నం తిన్నాను.

పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకెళ్లాను. కోస్తా వైపు నుంచి వచ్చిన డాక్టరు ఆయన. అమ్మ చెయ్యి పట్టుకుని పైకెత్తి వదిలాడు. అది పడిపోయింది. చిగుళ్లు చూసి, రక్తం తీయించి, నన్ను పక్కకు పిలిచాడు.

“మీ ఇంట్లో ఎవరైనా బ్యాటరీల పని గానీ, సీసం పని గానీ చేస్తారాండీ?”

నేను చేస్తానని చెప్పి, నా జాగ్రత్తలన్నీ వరసగా చెప్పాను. మేడ, గాలి, మాస్కు, గ్లోవ్స్, చొక్కా, సబ్బు. ఆయన ఓపిగ్గా విన్నాడు.

“మీరు చేస్తే ముందు మీకు రావాలి కదండీ. ఆవిడ ఏం తింటున్నారు, దేంట్లో వండుకుంటున్నారు, వెళ్లి చూడండి.”

ఇంటికి వచ్చి నేరుగా వంటింట్లోకి నడిచాను. గట్టు మీద ఇత్తడి గిన్నె, దాని మీద స్టీలు పళ్లెం. మూత తీశాను. పులుసు నిలిచే గీత దాకా లోపలి మెరుపు చచ్చి బూడిదరంగు తిరిగింది. అక్కడక్కడ కింది ఇత్తడి పసుపుగా తేలింది. గీతకు పైన ఇంకా తళతళలాడుతోంది. ఆ మెరుపు నాకు తెలుసు. నా సైనికులందరి మీదా ఉన్నది అదే.

పులుసు పారబోస్తుంటే అమ్మ గడపలో నిలబడింది.

“మంచిగున్నది గాదురా, ఎందుకు పారవోస్తున్నవ్?”

“గది కళాయి గాదమ్మా.”

“మరేంది?”

“సీసం. బొమ్మల కోసం నేను దాంట్ల కరగవెట్టిన.”

అమ్మ తన చేతి వైపు చూసుకుంది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“నేను కళాయి అనుకున్న బిడ్డా” అంది, తప్పు తనదైనట్టు. గిన్నె వైపు తిరిగి, “నిన్ను అడిగితిని గూడ” అంది.

“అడిగినవ్” అన్నాను.

రక్తపరీక్ష కాగితం వచ్చింది. అందులో కొత్త సంగతి ఏమీ లేదు. నా రక్తమూ పరీక్ష చేయించాను. అందులోనూ సీసం ఉంది, అమ్మదానితో పోలిస్తే చాలా తక్కువ. ఇంజెక్షన్లు, గోళీలు, చేతికి పట్టీ, కరెంటు వైద్యం. నెలలు గడిచాయి. కడుపునొప్పి పోయింది, ముఖంలోకి రక్తం వచ్చింది. మణికట్టు సగం దాకా లేచి అక్కడే ఆగిపోయింది. ఇక ఇంతేనని డాక్టరు చెప్పాడు. మా ఇంట్లో రొట్టె చెయ్యడం ఆగిపోయింది. గోల్కొండ ముట్టడి మేం ఆడలేదు. మిగిలిన సీసం, అచ్చులు, బొమ్మలు, ఆ గిన్నె ఒక డబ్బాలో పెట్టి టేపు వేశాను. ఎక్కడ పారేసినా ఎవరి నీళ్లలోనో కలుస్తుంది కాబట్టి అది ఇంకా నా దగ్గరే ఉంది.

చలికాలంలో బాలాపూర్ నుంచి చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, చూడటానికి వచ్చింది. చాప మీద కూర్చుని అమ్మ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది.

“ఏందక్కా, చెయ్యి గిట్లెట్లయింది?”

నేను చెప్పడానికి నోరు తెరిచాను. అమ్మ నాకంటే ముందు అందుకుంది.

“కళాయి పెట్టెటోడు మోసం జేసిండే. తగరం అని చెప్పి సీసం వెట్టిండు.”

“ఎవడాడు? ఏ ఊరోడు?”

“ఎవడో. గల్లీల ఒర్లుకుంట పోతుంటే పిలిచిన.”

“ముసలోడా, వయసోడా?”

“ముఖం యాదికి లేదు.”

“గసొంటోని చేతులు పడిపోను!” అంది చిన్నమ్మ. “ఆని రెండు చేతులు చచ్చువడిపోను!”

“అట్లనకే” అంది అమ్మ గబుక్కున. “అట్లనకు.”

“ఎందుకనొద్దు? నీ చెయ్యి గిట్ల జేసినోన్ని ఏమనొద్దా?” చిన్నమ్మ నా వైపు తిరిగింది. “నువ్వింత సదువుకుంటివి. ఆడు పెడుతుంటే నువ్వన్న జూడొద్దారా?”

అమ్మ నా వైపు చూడలేదు. ఎడమచేత్తో చాయ్ గ్లాసు నా దగ్గరికి జరిపింది.

“డ్యూటీల ఉంటి చిన్నమ్మా” అన్నాను.