మైకు మీద కెమిస్ట్రీ పుస్తకం

పొద్దున్నే మన హామ్ రేడియో వాళ్ల వెబ్ పేజీలో పెద్ద ఆరిందాలా రాశాను: "రేడియో సెట్టు మైకు మీద ఏమీ పెట్టకండి. బటన్ నొక్కుకుపోతే మీ ఇంట్లో మాటలు అందరూ వింటారు." సాయంత్రం, ఊరెళ్లిన మా బాబాయి సెట్టు ముందు నేను కూర్చుని మీ కబుర్లు వింటూ, చదవడం ఆపిన కెమిస్ట్రీ పుస్తకాన్ని సరిగ్గా మైకు మీదే పెట్టాను.

ఈ పేజీ నడిపేది తెనాలి సెట్టు దగ్గరి మనిషని తప్ప ఎవరో తెలియక మీరంతా నన్ను 'సార్' అంటారు. టెన్త్ చదివే ఆడపిల్ల మాట ఎవరు వింటారన్న భయంతో నేనూ కాదనలేదు.

అప్పుడే వంటింట్లోంచి అమ్మ అందుకుంది.

"ఏంటే, ఆ డబ్బా ముందు తపస్సా? జడేసుకోవు, అన్నం తినవు! రేపు నీ పరీక్ష ఆ డబ్బా వచ్చి రాస్తుందా?"

తెనాలిలో మా అమ్మ తిట్టిన తిట్లు బాపట్ల దాకా వెళ్లాయి. నేను గబుక్కున పుస్తకం లాగేశాను. అవతల రేపల్లె హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకున్నారు.

"సార్, అమ్మగారు పిలుస్తున్నారండి. ముందు జడేసుకుని అన్నం తినండి. ఓవర్."

వెంటనే బాపట్ల ఆయన: "ఆవిడ దెబ్బకి మా పిల్లలు కూడా తినేశారండి. ఓవర్."

నేనూ తినేశాను. జడ మాత్రం వేసుకోలేదు, సార్‌కి ఆ మాత్రం స్వేచ్ఛ ఉండాలి.

కంప్యూటర్ అంటే పడని మా బాబాయి ఈ పేజీ చూడరు గానీ, ఎల్లుండి వచ్చి మైకు పట్టుకుంటారు. మీలో ఎవరి ద్వారానైనా ఆయనకి తెలిస్తే నాన్నకి చెప్తారు, నాన్న నేను ఈ పేజీ నడిపే ఫోన్‌కి తాళం వేస్తారు. అందుకే విన్నవాళ్లందరూ "మేమేం వినలేదు సార్" అని కింద రాయండి.