గోడ మీద నీలం సున్నాలు

మా మేనత్తను మిల్లులో ఎదురుగా ‘అమ్మా’ అంటారు, వెనకాల ‘భూతద్దం’ అంటారు. రెండో పేరు సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ ఎవరినీ దులపలేదంటే ఆ పేరు ఆమెకు నచ్చిందనే నా అనుమానం. ఇరవై ఆరేళ్లుగా ఆమె చేసే పని తప్పులు పట్టడమే. ఏటవాలుగా ఒక అద్దం బల్ల, దాని కింద లైట్లు, మీద నెమ్మదిగా జారిపోయే తెల్లటి బట్ట తాను. తెగిన పోగో, ముడో, నూనె చుక్కో కనబడగానే కాలితో మర ఆపి, నీలం సుద్దతో దాని చుట్టూ సున్నా చుడుతుంది. ఆమె సున్నా చుట్టాక అక్కడ తప్పు లేదన్న మనిషి మిల్లులో లేడు. పెళ్లి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, వచ్చిన ప్రతి సంబంధంలోనూ ఎక్కడో ఒక పోగు తెగే ఉందంటుంది. ఆ కన్నే ఆమెకు తిండి, పరువు, కాస్త పొగరు కూడా.

ఇంత మనిషికీ సాలీడంటే పై ప్రాణాలు పైనే పోతాయి. చెప్పులు రెండుసార్లు నేలకేసి కొట్టందే కాలు పెట్టదు. ఉతికిన బట్టలు తిరగేసి, దులిపి, మళ్లీ తిరగేసి గానీ తొడుక్కోదు. బాల్చీని ముందు బోర్లించి చూస్తుంది. దీనికి కారకుడు మా నాన్న. ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు చేతివేలంత సాలీడును తెచ్చి ఆమె జడలో వదిలాడట. అది జడలోంచి మెడ మీదికి, మెడ మీంచి చెవిలోకి పాకిందని ఆమె చెబుతుంది. చెవి దాకా రాలేదని నాన్న అంటాడు. ఆ ఒక్క విషయం మీద అన్నాచెల్లెళ్లకు నలభై ఏళ్లుగా పొత్తు కుదరలేదు.

నేను ఆ నాన్న కూతుర్ని. రెండేళ్ల కిందట అదే మిల్లులో మడతల విభాగంలో పని ఇప్పించి, నన్ను తన రెండు గదుల ఇంట్లో పెట్టుకుంది. మొదటి రోజే, సాలీడేమైనా తెచ్చానేమోనని నా జేబులు చూసింది. నవ్వుతూనే చూసిందనుకోండి, అయినా చూసింది.

మూడు వారాల కిందట ఒక సాయంత్రం ఇద్దరం పని నుంచి వచ్చి కాఫీ తాగుతున్నాం. ఉన్నట్టుండి అత్త గ్లాసు కింద పెట్టేసింది.

“కదలకు. గోడ మీద ఉంది.”

నేను చూశాను. ఆ గోడకు ఈ మధ్యే సున్నం వేశారు, పాలలా తెల్లగా ఉంది. ఏమీ కనబడలేదు. అత్త బూజుకర్ర తెచ్చి, కళ్లు సగం మూసుకుని, నేను ఇదివరకు ఎన్నడూ వినని ఒక అరుపు అరిచి గోడను కొట్టింది. సున్నం రాలింది. సాలీడు మాత్రం రాలలేదు.

“పోయింది. నువ్వు చూశావు కదా?”

“లేదత్తా.”

“ఎలా చూడలేదు? ఇంతది ఉంటే!”

ఆ మర్నాడూ వచ్చింది. ఆ తర్వాత ప్రతిరోజూ వచ్చింది. పొద్దున పూట వంటింటి గోడ మీద, సాయంత్రం మంచం పైన, ఒకసారి పాల గిన్నె అంచు మీద. కొట్టబోతే పక్కకు జారేది, ఆమె తిరిగిన వైపే తిరిగేది. మందు కొట్టేవాణ్ణి పిలిపించాం. అతను మూలమూలకూ కొట్టి, సంతకం పెట్టించుకుని, “మీ ఇంట్లో బొద్దింక కూడా లేదమ్మా, ఇంత శుభ్రమైన ఇల్లు నేను చూడలేదు,” అన్నాడు. వీడూ ఒక దొంగే, నీళ్లు కొట్టి పోయాడంది అత్త. పైగా ట్యూబులైటు మిణుకుమంటోందని మార్పించింది. కొత్తదీ మిణుకుతోందని దాన్నీ మార్పించింది. నాకు రెండూ బాగానే వెలిగాయి.

తర్వాత సుద్ద ఇంటికి వచ్చింది. సాలీడు కనిపించిన ప్రతిచోటా అత్త గోడ మీద నీలం సున్నా చుట్టి, పక్కన తారీఖు వేయడం మొదలుపెట్టింది. అది ఎక్కడి నుంచి వస్తోందో, ఎవరు తెస్తున్నారో తేల్చాలట. ‘ఎవరు’ అన్నప్పుడు ఆమె నన్ను చూడలేదు. చూడకపోవడానికే నాకు ఎక్కువ మండింది.

నాకూ అనుమానాలు పుట్టాయి, ఎందుకు దాచాలి? నన్ను పొమ్మనలేక పొగబెడుతోందేమో అనుకున్నాను. ఇరవై ఆరేళ్లు ఒంటరిగా బతికిన మనిషి, రెండో మనిషి గాలి పడక ఈ నాటకం ఆడుతోందేమో. ఆమె చీపురు తీసుకుని గోడ వైపు పోతుంటే నేను గోడను కాదు, ఆమె ముఖాన్ని చూసేదాన్ని, ఎక్కడైనా నవ్వు దాచుకుంటోందా అని. నవ్వు లేదు. పెదాలు వణికేవి. అది కూడా నటనే అనుకునేంత చెడ్డదాన్ని అయిపోయాను ఆ రోజుల్లో.

ఒక సాయంత్రం విసుగెత్తిపోయింది. ఒంట్లో ఓపిక లేదు, ఆకలి దంచేస్తోంది. “అదిగో, ఇప్పుడైనా కనబడుతోందా?” అని అత్త అడిగింది. గొడవ తేలిపోతుందనుకుని, “ఆ, కనబడుతోంది. పెద్దదే,” అన్నాను.

“ఎక్కడ?”

నేను కిటికీ పైన చూపించాను.

అత్త కిటికీ వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ తర్వాత చాలా నెమ్మదిగా అంది. “అది తలుపు పక్కన ఉంది. అంటే నీకు కనబడలేదు. కనబడనిదాన్ని కనబడిందంటున్నావు. ఇన్నాళ్లూ కనబడినదాన్ని కనబడలేదని అనలేదన్న నమ్మకమేంటి?”

ఆ రోజు నుంచి అత్త నేనిచ్చిన కాఫీ లైటు కింద తిప్పి తిప్పి చూసి గానీ తాగలేదు. మంచం గోడ నుంచి గది నడిమధ్యకు లాక్కుంది. తన బీరువాకు తాళం వేసుకుంది. నాలుగో రోజు, “వచ్చే ఒకటో తారీఖుకి వేరే గది చూసుకో. నీ తప్పేం కాదు, మీ నాన్న రక్తం,” అంది. నేను నోటికొచ్చినట్టు తిరగబడ్డాను. ఆ మాటలు ఇక్కడ రాయను, రాయడానికి సిగ్గేస్తోంది.

అది మంగళవారం. గురువారం మిల్లులో సూపర్‌వైజరు మడతల బల్ల దగ్గరికి మూడు తానులు తెచ్చి పడేశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

“మీ అత్తకి ఒంట్లో బాగుంటోందా?”

“ఏమైందండీ?”

“నువ్వే చూడు.”

తాను విప్పాను. గజానికో నీలం సున్నా ఉంది. కొన్నిచోట్ల గజానికి రెండు. ఒక సున్నాలోకి వంగి చూశాను, బట్టను వెలుతురుకు పట్టి చూశాను, గోటితో గీరాను. పోగు తెగలేదు, మరక లేదు. రెండోది చూశాను, పదోది చూశాను. అన్నింట్లోనూ తెల్లటి, మచ్చలేని బట్టే. మా ఇంటి గోడ మీద ఉన్నవీ అచ్చం ఇలాంటివే కదా అనిపించింది.

“సోమవారం నుంచీ ఇంతే. పైవాళ్లకి ఇంకా చెప్పలేదు. చెబితే ఆవిడ బల్ల ఆవిడకి ఉండదు. నువ్వు మాట్లాడు,” అన్నాడు సూపర్‌వైజరు.

భోజనాల వేళ అత్తను చేతులు కడుక్కునే చోటికి తీసుకుపోయాను. నన్ను చూడగానే ఆమె మొదలుపెట్టింది. “ఇంట్లోదాన్ని నా సంచిలో పెట్టి ఇక్కడికి కూడా పంపావా? బల్ల మీద కూడా తిరుగుతోందే అది. ఎక్కడికక్కడ మరక చేసిపోతోంది.”

నేను ఆ మాట పట్టించుకోలేదు. పట్టించుకోకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

“అత్తా, పైకప్పు చూడు. ఉందా?”

“ఉంది. అదిగో, జారుతోంది.”

“నేల?”

“ఉంది.” ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

“ఇప్పుడు నీ అరచెయ్యి చూసుకో.”

తడిచేతిని ముఖానికి ఎదురుగా పట్టుకుంది. ఒక్క క్షణం. ఆ తర్వాత పెద్దగా అరిచి చేతిని విదిలించింది, విదిలించి గోడకేసి కొట్టుకుంది, మళ్లీ కొట్టుకోబోతుంటే నేను పట్టుకున్నాను. ఆ చేతిని నా రెండు చేతుల మధ్య పెట్టి గట్టిగా అదిమాను.

“నా చేతులు చూడు. మధ్యలో సాలీడు ఉంటే నలిగిపోవాలి కదా? నలిగిందా?”

చేతులు విప్పాను. ఆమె చూసింది. నేను చెప్పకుండానే కుడికన్ను మూసుకుని చూసింది, తర్వాత ఎడమకన్ను మూసుకుని చూసింది. ఇరవై ఆరేళ్లు తప్పులు పట్టిన మనిషి, తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి ఇంకో క్షణం పట్టలేదు.

“కుడికంట్లో ఉందే,” అంది. గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది.

ఆ మధ్యాహ్నమే కంటాసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ కంట్లో చుక్కలు వేసి, కనుపాప పెద్దదయ్యాక దీపం పెట్టి చాలాసేపు చూసింది.

“మెరుపుల్లాంటివి ఏమైనా కనిపించాయామ్మా?”

“మెరుపులు కాదు. మా ట్యూబులైటు మిణుకుమంటుంది. రెండుసార్లు మార్చాం.”

“ట్యూబులైటు బాగానే ఉండుంటుంది,” అంది డాక్టరమ్మ. “కంటి వెనక ఒక పల్చటి పొర ఉంటుంది. మీది చిరిగింది. ఆ చిరుగు దగ్గర నుంచి వచ్చిన నలకలే మీకు సాలీడులా ఆడుతున్నాయి.”

“ఎంత మేర చిరిగింది? అంచునా, నడిమినా?” అని అత్త అడిగింది. తాను గురించి అడిగినట్టే అడిగింది.

“అంచున. నడిమికి పాకలేదు. ఇంకో వారం ఆలస్యమైతే పొర మొత్తం ఊడొచ్చేది, అప్పుడు ఆ కన్ను దక్కేది కాదు.”

ఆ రోజే చిరుగు చుట్టూ లేజరు కొట్టారు, చిరిగిన బట్టకు రఫ్ఫు చేసినట్టు. ఆటోలో ఇంటికి వస్తుంటే అత్త ఆసుపత్రిలో ఇచ్చిన నల్లకళ్లద్దాల వెనక నుంచి ఏడ్చింది. ఏడవకూడదన్నారత్తా అన్నాను. “ఎడమకంటితో ఏడుస్తున్నా, నీకేం?” అంది. నేనూ ఏడ్చాను. ఒకటో తారీఖు మాట ఇద్దరం ఎత్తలేదు.

అయితే కథ అక్కడ తేలిపోలేదు. నలక పూర్తిగా పోదని, కొన్నాళ్లకు అలవాటైపోతుందని, కొత్తది కనిపిస్తే మాత్రం పరుగెత్తుకు రమ్మని డాక్టరమ్మ చెప్పింది. మిల్లులో అత్త బల్ల అత్తకే ఉంచారు. కానీ నెల రోజులు ఆమె చూసిన ప్రతి తానునూ ఇంకొకరు మళ్లీ చూడాలన్నారు. అందర్నీ అనుమానించిన మనిషిని అందరూ అనుమానించే రోజు వచ్చింది. ఆమె కిక్కురుమనలేదు. ఇంటికొచ్చాక మాత్రం గోడకు వీపు పెట్టి కూర్చునేది, గోడను చూడాల్సిన పని లేకుండా. సాలీడుకు భయపడినప్పుడు కూడా ఆమె అంత చిన్నగా కనబడలేదు. అప్పుడు కనీసం తన కంటి మీద తనకు నమ్మకం ఉంది.

మొన్న ఆదివారం పొద్దున నేను గోడ మీద సున్నాలు తుడుస్తున్నాను. చాలావరకు పోయాయి. అత్త గుమ్మంలోకి వచ్చి, అక్కడే ఆగిపోయింది. గోడను చూసి, నన్ను చూసి, గబుక్కున వెనక్కి తిరిగి నిలబడింది.

“ఏమే, సుద్ద ఎక్కడుంది?”

“ఇక్కడే.”

“గోడంతా చూడు. ఏదైనా ఉంటే దాని చుట్టూ సున్నా చుట్టు. లేకపోతే లేదని చెప్పు. నన్ను బుజ్జగించడానికి ఉందన్నావో, నీ మొహం ఈ జన్మలో చూడను. లేదన్నా ఏడవను. ఆటో పిలిచి ఆసుపత్రికి పోదాం, అంతే.”

గోడంతా చూశాను. ఏమీ లేదు. మొదటి నుంచి మళ్లీ చూశాను, అత్త బట్ట తానును చూసినట్టు, ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి, జానెడు జానెడుగా. స్విచ్చుబోర్డు పక్కన, బోర్డు నీడలో, గోధుమరంగుది, బటానీ అంతది. కాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఎనిమిది కాళ్లూ లెక్కపెట్టాను, ఈసారి తప్పు చెప్పే ధైర్యం నాకు లేదు. దాని చుట్టూ నీలం సున్నా చుట్టాను.

“చూడొచ్చా?”

“చూడు.”

అత్త తిరిగింది. కుడికంటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తీసింది, ఎడమకంటికి పెట్టుకుంది, తీసింది.

“సున్నాలోంచి బయటికొచ్చింది,” అంది. “బోర్డు పైకి ఎక్కుతోంది. ముందు ఎడమ కాలు ఒకటి లేదు దానికి.”

వంగి చూశాను. లేదు. ఏడే కాళ్లు. నేను ఎనిమిది లెక్కపెట్టాను.

“అవునత్తా. ఏడే.”

అత్త ఒక్క గెంతులో మంచం ఎక్కి, కాళ్లు పైకి లాక్కుని, దుప్పటి చుట్టుకుంది. ఒళ్లంతా వణుకుతోంది, ముఖం మాత్రం వెలిగిపోతోంది. నేను బూజుకర్ర అందుకున్నాను.

“కొట్టకు!” అని అరిచింది. “కాసేపు ఉండనీ. ఇటు మాత్రం రానివ్వకు.”