ఆటో బొమ్మ వెనక అశుభవార్త

మొన్న నెల్లూరు బస్టాండు దగ్గర ఆటో ఎక్కి ఇంటికి వస్తుంటే, నాతోపాటు ఉద్యోగం చేసిన మిత్రుడొకాయన పోయాడని సెల్‌ఫోనులో కబురొచ్చింది. చదవగానే, పాత అలవాటు కొద్దీ, చించడానికి నా వేళ్లు కదిలాయి. నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో పైన ‘అశుభం’ అని రాసి వచ్చిన కార్డును గడప బయటే చదివి, అక్కడికక్కడే చించి పారేసి, తలకు నీళ్లు పోసుకుంటే గానీ లోపలికి వచ్చేవాళ్లం కాదు. ఇంట్లో ఉంచుకుంటే అది ఇంకొకరిని పిలుచుకుపోతుందని భయం.

పంతొమ్మిది వందల అరవైలలో నేను సముద్రపు ఒడ్డునున్న జువ్వలదిన్నె బడిలో కొత్త పంతులిని. బొమ్మ కార్డులు కూడబెట్టే పిచ్చి ఉండేది. నా దగ్గర వెయ్యి కార్డులుండేవని మనవలకు చెబుతుంటాను; మీ దగ్గర దాపరికమెందుకు, నూరు దాటి ఉండవు. మైసూరు ప్యాలెస్ ఉంది, తాజ్‌మహల్ ఉంది, లేనిదల్లా ఆటోరిక్షా. మద్రాసులో అవి తిరుగుతున్నాయని విన్నప్పటినుంచి, అక్కడున్న మా పెద్దమ్మ కొడుకును ఉత్తరం వెనక ఉత్తరం రాసి వేధించాను. చివరికి వచ్చింది. రంగులద్దిన మౌంట్ రోడ్డు, దాని మీద నల్ల టాపు, పసుపు ఒళ్లు, ముందు ఒంటి చక్రంతో ముక్కు చాచుకుని నిలబడ్డ ఆటో. మురిసిపోయి వెనక్కి తిప్పితే, ‘అశుభం’. పెద్దమ్మ, అంటే మా అమ్మ తోడబుట్టిన అక్క, పోయింది. నాకోసం కొని ఉంచిన కార్డే చేతికందితే, ఏడుపు తొందరలో మా అన్న దాని మీదే రాసేసినట్టున్నాడు.

నేనూ ఏడ్చాను, అది అబద్ధం కాదు. తలకు పోసుకున్నాను, అదీ నిజమే. కార్డు చించేశానని అమ్మతో చెప్పినదే అబద్ధం. ఆల్బంలో తాజ్‌మహల్ వెనక దూర్చాను.

ఇక చూడండి, బల్లి పలికినా, గేదె పాలు చేపకపోయినా గుండె ఆ కార్డు దగ్గరికే పోయేది. చించుదామని తీసేవాణ్ణి, ఆటోను చూసి మళ్లీ పెట్టేవాణ్ణి. నెల తిరక్కుండా అమ్మకు జ్వరం పట్టుకుంది. ఊళ్లో మందులకు లొంగకపోతే బస్సులో నెల్లూరు తీసుకుపోయాను. బస్టాండు ముందర నిలబడి ఉంది, అదే. నల్ల టాపు, పసుపు ఒళ్లు. ఊరికి కొత్తగా వచ్చిన బండి కాదు, కార్డులోంచి దిగి అమ్మకోసమే కాచుకుని ఉన్నట్టనిపించింది. రిక్షాలో పోదామన్నాను. ఆటో నడిపే ముసలి సాయిబు అమ్మ ముఖం చూసి, “రిక్షావాడు తొక్కేలోపల ఈమె సొమ్మసిల్లిపోద్ది, ఎక్కు నాయనా” అన్నాడు. నాకన్నా ముందు అమ్మే ఎక్కి కూర్చుంది.

ఆ ఆటో మూడు పల్టీలు కొట్టిందనీ, ఒంటిచేత్తో అమ్మను ఎత్తిపట్టుకున్నాననీ చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ఒక్క పల్టీ కూడా కొట్టలేదు. ఆసుపత్రి మలుపులో వెనక చక్రం కాలవలోకి జారి, బండి పక్కకు ఒరిగింది, అంతే. నేనే కళ్లు మూసుకుని, అమ్మను వాటేసుకుని, “తప్పయిపోయిందమ్మా, ఆ కార్డు చించలేదు, చించలేదు” అని కేకలు పెట్టాను.

“ఏంది నాయనా, జొరమొచ్చినామె గమ్మునుండాది, నువ్వు అరస్తుండావు!” అన్నాడు సాయిబు.

ఒరిగిన సీట్లోనే అమ్మ నా తల నిమిరింది. “తెలుసులేరా. నువ్వు బడికి పోయినాక రోజూ తీసి చూస్తానే ఉండా. చదవను రాదు గానీ మా అక్క పేరు పోల్చుకోలేనా? నాకూ చించబుద్ధి కాలా.”

నా భయం తీరిపోయిందనుకుంటున్నారా? రెట్టింపైంది. తప్పు ఇద్దరిదీ అయిందని ఆసుపత్రిలో మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను. నాలుగో రోజుకు చెమట పట్టి జ్వరం దిగింది. ఇంటికి రాగానే అమ్మ ఆ కార్డు అడిగి తీసుకుని, సముద్రపు ఒడ్డుకు పోయి, తన చేత్తోనే చించింది. రాతను చించి బొమ్మను మిగుల్చుకునే ఉపాయం లేదు గదా, పెద్దమ్మా ఆటో కలిసే పోయారు.

ఇప్పుడు వీధి వీధికీ ఆటోలే, బొమ్మ కార్డు పంపేవాళ్లే లేరు. మిత్రుడి కబురు ఇంకా నా ఫోనులోనే ఉంది. వేలితో నొక్కితే చెరిగిపోతుందని మనవడు చూపించాడు. కార్డు చిరిగేటప్పుడు ఒక చప్పుడయ్యేది; అది విన్నాకే, మనిషి నిజంగా పోయాడని తెలిసేది. ఇది చప్పుడైనా చేయదట. ఇంకా నొక్కలేదు. ఈ వయసులోనూ, ఎందుకో, భయంగానే ఉంది.